తోక తెగిన పిలుపు

ఆదోని బజారులో ఇవాళ్టికీ బడే సాబ్ గొంతు వినబడుతుంది. చీరల దుకాణం తగ్గింపు, పోలియో చుక్కలు, పత్తి మార్కెట్టు సెలవు, ఏ కబురైనా ఆ గొంతే. అయితే ఆటోలో ఆయన ఉండడు. ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన మాటలవి, మెమరీ కార్డులోంచి వస్తాయి. చావు కబురుకు మాత్రం వేరేవాళ్లను పిలుచుకుంటారు, చావును ముందే రికార్డు చేసి పెట్టుకోలేం కాబట్టి. మనిషేమో టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చొని, వీధిలో పోతున్న తన గొంతును తానే వింటుంటాడు. ఎవరైనా పలకరిస్తే పెదవులు కదుపుతాడు, దగ్గరగా చెవి పెడితే గుసగుస వినిపిస్తుంది. రోడ్డు అవతల ఉన్న మనిషిని కూడా ఆయన పిలవలేడు. అది ఎట్లా జరిగిందో తెలియాలంటే మాధవరం దగ్గర తుంగభద్రలో నీళ్లు పెరిగిన రోజు సంగతి చెప్పాలి.

దానికంటే ముందు మనిషి సంగతి. ఆయన పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గం నేసే ఇంట్లో. ఆ సందులో అన్నీ మగ్గాలే. ఆ చప్పుడులో మాట వినబడాలంటే ఎవరైనా సరే కేక వేయాల్సిందే. అందరి కేకల్లోకీ వాళ్లమ్మ కేక పెద్దది. అన్నం వేళకు గడపలో నిలబడి "బడే!" అని ఒక్కమాట కొట్టేది, అంతే. సాబ్ లేదు, రా లేదు, నాయనా లేదు. వీధి చివర గోళీలాడే పిల్లవాడు చేతిలో గోళీ అక్కడే పారేసి పరిగెత్తేవాడు. ఆమె పోయాక ఆ పేరును అట్లా సగానికి పిలిచినవాళ్లు లేరు. ఆదోనికి వచ్చి మైకు పట్టాక చిన్నా పెద్దా అందరికీ ఆయన బడే సాబే. భార్య జహీరా బీ అసలు పేరే ఎత్తదు, "వింటివా" అంటుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బడే సాబ్ నోటికి ఆదోనీ మంచిదే, ఆలూరూ మంచిదే, కోసిగీ మంచిదే. తెలుగులో చెప్పి, ఉర్దూలో చెప్పి, సరిహద్దు ఊళ్లకు పోతే కన్నడంలో కూడా చెప్పేవాడు. తప్పిపోయినవాళ్లను పిలవడంలో ఆయన్ను మించినవాడు లేడు. ముందు మైకు డబ్బా మీద ఎర్ర మీట నొక్కి సైరన్ కూయించేవాడు, జనం చెవులు ఇటు తిరగాలని. ఆ తర్వాత పేరు. పేరు మొదలును తేలిగ్గా విడిచి, కడపటి అచ్చును పట్టుకొని గాలిపటం తోకలాగా సాగదీసేవాడు. "మద్దిలేటీ..." అంటే ఆ తోక రెండు వీధుల అవతల సంతలో తిరిగే మద్దిలేటికి తగిలేది. ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నాడు. పెద్దవాళ్ల పేరు ఉత్తగా పలకడు. అప్ప, అన్న, అమ్మ, సాబ్, ఏదో ఒకటి తగిలించాలి. బజారులో పెద్దమనిషిని ఉత్తపేరుతో కేకేయడం చెంప మీద కొట్టడం లాంటిదని ఆయన పట్టు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం మరి.

ఇంతలో గొంతులో గడ్డ లేచింది. కర్నూలులో ఆపరేషన్ చేసి తీశారు. డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు: "మైకులో మెల్లగా మాట్లాడుకో. మైకు లేకుండా అరిచినావంటే మాత్రం గొంతు పోతుంది. పోయిందంటే మళ్లీ రాదు." జహీరా బీ ఆ మాట విని ఊరుకోలేదు. ఆయన చెయ్యి లాక్కొని తన నెత్తి మీద పెట్టుకొని ఒట్టు వేయించుకుంది.

ఇక ఆ రోజు. పై నుంచి నీళ్లు వదులుతున్నారు, సాయంత్రానికి ఏరు పెరుగుతుంది, ఎవరూ ఏట్లో దిగొద్దని చాటాలి. డ్రైవరు యేసేపు ఆటో నడుపుతుంటే బడే సాబ్ వెనక కూర్చొని మంత్రాలయం వైపు పల్లెలన్నీ తిరుగుతున్నాడు. ఆటో పైన రెండు గొట్టం మైకులు. ఊరూరా ముందు సైరన్, తర్వాత కబురు. మధ్యాహ్నం దాటి మాధవరం చేరేసరికి ఏటిగడ్డన ఒక కారు, దాని పక్కన ఒక తెల్లామె కనబడ్డారు. ఒకతను చేతులూపుతూ ఆటోకు అడ్డం వచ్చాడు. చూస్తే ఆదోని పత్తి వ్యాపారి ఇంటి పిల్లవాడు మనీష్. పిల్లవాడంటే ముప్పై దాటినవాడే, బడే సాబ్ కళ్లకు పిల్లవాడు.

"చాచా, ఆపు చాచా! మా ఇంటికొచ్చిన పెద్దాయన కనపడల్యా. అన్నం తింటా ఉన్నాం, సూసేలోపల లేసి యాటికో పోయినాడు."

సంగతి ఇది. మనీష్ తాత నూలు మిల్లు పెట్టిన కాలంలో యంత్రాలు బిగించడానికి ఇటలీ నుంచి ఒక ఫిట్టరు వచ్చాడు. పడుచువాడు, సెలవు రోజు వస్తే చాలు తుంగభద్రలో ఈతకు వచ్చేవాడట. ఇప్పుడాయనకు ఎనభై దాటింది, మతిమరుపు జబ్బు. నిన్నటిది గుర్తుండదు, తిన్నది గుర్తుండదు, కానీ ఈ ఏటిని మాత్రం రోజూ అడుగుతాడట. అడిగి అడిగి ప్రాణం తీస్తే కూతురు తెరేసా, సరే ఒక్కసారి చూపిద్దామని తీసుకొచ్చింది. చూపించింది కూడా. ఏట్లోకి నీళ్లు వచ్చే రోజే చూపించింది.

ఆమె ముఖంలో నెత్తురు లేదు. ఏరు ఇంకా ఎండలో తెల్లగా, బండల మధ్య చిన్న పాయలుగా పారుతోంది. కానీ ఆ నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో బడే సాబ్‌కు తెలుసు, పొద్దుటి నుంచీ ఊరూరా చెబుతున్నది తనే కదా. 

"పేరు సెప్పమను బేటా. పిలుస్తా."

తెరేసా ఆటోలోకి ఎక్కింది. మనీష్ ముందు సీట్లో కూర్చొని ఆమె ఇంగ్లీషును తెలుగు చేయసాగాడు. ఆమె ఆటో ఇనుప కమ్మీ మీద వేలితో కొడుతూ తండ్రి పేరు చెప్పింది. నాలుగు దెబ్బలు, అందులో రెండోది గట్టిది.

"ముక్కలు సేసి సెప్తాంది చాచా. దొ, మే, ని, కో. రెండో ముక్క మీద బరువెయ్యల్లంట. తక్కినవి తేలిగ్గా వదిలెయ్యల్లంట."

బడే సాబ్ వెంటనే అన్నాడు: "దొమేనికోఓఓ."

ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ కమ్మీ మీద కొట్టింది. వాళ్ల భాషలో ప్రతి మాటకూ ఏదో ఒక ముక్క మీద బరువు ఉంటుందట. చాలా మాటలకు చివరి ముక్కకు ముందున్న దాని మీద పడుతుందట. తన పేరే చూడమంది: తె, రే, సా. బరువు రే మీద. తండ్రి పేరు మాత్రం ఇంకో ముక్క వెనక్కు జరుగుతుంది, పేరు కూడా ఆయనలాగే ఎవరి మాటా వినదు అంది. ఆ కంగారులో కూడా ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె పెదవి మీద నవ్వు లాంటిది వచ్చి పోయింది.

"తెరేసా అంటే మా చర్చిలో తెరేసమ్మే గదా," అన్నాడు యేసేపు ఆటో తిప్పుతూ. "మేమూ రే మీదనే దీర్ఘం తీస్తాం."

నీళ్లు అనే మాట కూడా చెప్పింది, తండ్రికి అర్థం కావడానికి. అక్, క్వా. ఒత్తును రెండుగా విరిచి, సగం ఈ ముక్కకూ సగం ఆ ముక్కకూ ఇచ్చింది. బడే సాబ్ అది విన్న మరుక్షణం ఆమె పలికినట్టే పలికాడు. ఆమె ఆశ్చర్యంగా చూసింది. వేరే దేశాలవాళ్లకు ఆ ఒత్తు ఒక పట్టాన పలకదట.

"మాకు అమ్మ, అప్ప, అన్న, అక్క, అందరికీ ఒత్తే గదమ్మా," అన్నాడు బడే సాబ్. "ఒత్తు ల్యాకుంటే మాకు సుట్టాలే ల్యారు."

ఒత్తులు వచ్చాయి కానీ, బరువు మాత్రం ఆయన చేతికి రాలేదు. ముప్పై ఏళ్ల అలవాటు ఊరికే పోతుందా? ఎర్ర మీట నొక్కాడు. సైరన్ ఏటిగడ్డంతా కూసింది. తర్వాత గొంతు ఎత్తి, "దొమేనికో సాబూఊఊ..." అన్నాడు.

"సాబ్ వద్దంట చాచా. ఉత్త పేరే పిలవమంటాంది. వెనక ఇంకో మాట తగిలిస్తే ఆయప్పకు తన పేరేనని తెలీదంట."

"ఎనభై ఏండ్ల మనిషిని ఉత్త పేరు పెట్టి ఊరందరి ముందర పిలుస్తానా బేటా? మనం ఎంత కంగారులో ఉన్నా మర్యాద మర్యాదే. నా నోరు రాదు."

మళ్లీ సైరన్. మళ్లీ సాబూ. గడ్డ వెంబడి ఆటో మెల్లగా పోతోంది, తెరేసా రెండు చేతులతో కమ్మీ పట్టుకొని సగం శరీరం బయటపెట్టి చూస్తోంది. రేవులో బట్టలు ఉతికేవాళ్లు మూటలు కట్టుకొని పైకి వస్తున్నారు. ఎవరూ తెల్లాయన్ను చూడలేదు. ఏటి రంగు అప్పుడే కొంచెం మారింది. బండల పక్కన నురగ, ఆ నురగలో గడ్డిపోచలు. యేసేపు దాన్ని చూసి సిలువ గుర్తు వేసుకున్నాడు. బడే సాబ్ ఇంకా గట్టిగా, ఇంకా పొడుగ్గా సైరన్ కూయించాడు.

అప్పుడు ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. మంద వెనక దుర్గప్ప, భుజాన కంబళి, చేతిలో కట్టె. ఏట్లో మేపుకుంటున్నవాడు చాటింపు విని గొర్రెల్ని పైకి తోలుకొస్తున్నాడు.

"తెల్లాయనా? సూసినా కదప్పా. ఆడ బండల కాడ ఉన్న్యాడు. పాపం, శానా బెదిరిపోయిండాడు. నీ మైకు కూసినప్పుడల్లా సెవులు మూసుకోని ఇంకా లోపలికి పోతాండె. రారప్పా అని సెయ్యి పడితే ఇదిలించుకోని పాయ."

మనీష్ ఆ మాట తెరేసాకు చెప్పాడు.  ఆమె గబగబా ఏదో చెప్పింది. మనీష్ మెల్లగా, బడే సాబ్ ముఖం చూడకుండా తెలుగు చేశాడు.

"ఆయన సిన్నప్పుడు వాళ్లకాడ యుద్ధమంట చాచా. బాంబుల విమానాలు వచ్చేముందు సైరన్ కూసేదంట. కూసిందంటే పరిగెత్తి యాడన్నా దాక్కోవల్ల. ఇప్పుడు కొత్తవన్నీ మర్సిపోయినాడు, ఆ పాతదే మిగిలింది."

బడే సాబ్‌కు అప్పుడు తెలిసింది. వెతకడానికి వచ్చి, తరుముతున్నది తనే. ఒక్కొక్క కూతకూ ఆ ముసలాయన్ను ఒక్కొక్క బండ దాటించి ఏటి నడుమకు తోసింది తన చెయ్యే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన మైకు డబ్బా తీగను పట్టి పీకేశాడు. తీగ తెగి చేతికి వచ్చింది. ఆయన ఏడ్వలేదు కానీ, ఏడుపు వచ్చింది.

"యాడ దుర్గప్పా? సూపించు, రా."

గొర్రెల్ని గడ్డన వదిలి దుర్గప్ప ముందు పరిగెత్తాడు. వంపు తిరిగాక కనబడింది. ఏటి నడుమ ఒక నల్లబండ. దాని మీద తెల్లచొక్కా, నెరసిన తల. వీపు ఇటువైపు పెట్టి, మోకాళ్లు కౌగిలించుకొని కూర్చున్నాడు. ఇటు గడ్డకూ ఆ బండకూ మధ్య పాయ పెద్ద వెడల్పేం కాదు, చూస్తే మోకాటి లోతు అనిపిస్తుంది. కానీ అది మడుగు.

"ఈడ దిగితే ఏనుగైనా మునుగుతాది," అన్నాడు దుర్గప్ప. "పైన రాళ్ల కట్ట ఉంది, గొర్రెలు దాటే దావ. అట్ల సుట్టు తిరిగి పోవల్ల. నేను పోతా. ఇంకొకడు రావల్ల, ముసలాయన్ను ఒక్కడే మొయ్యల్యాడు."

"నేనొస్తా," అన్నాడు యేసేపు, ఆటోలో ఉన్న తాడు భుజాన వేసుకుంటూ.

"మీరు పొయ్యేదాకా ఆయప్ప ఆ బండ దిగకూడదు," అన్నాడు బడే సాబ్. "అది నేను సూసుకుంటా."

యేసేపు ఆగి ఆయన ముఖం చూశాడు. "సాబ్, మైకు పీకేస్తివి. డాక్టరు సెప్పిన మాట..."

"గమ్మున పో యేసేపూ."

ముందు తెరేసా పిలిచింది. రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకొని పపా, పపా అని, బరువు రెండో ముక్క మీద వేసి పిలిచింది. ఏటి గాలి ఆ మాటను అక్కడే మింగేసింది. వినబడినా లాభం లేదని ఆమెకే తెలుసు. కొన్నాళ్లుగా తండ్రికి ఆమె కూతురని తెలియదు, మందులు ఇచ్చే ఆయా అనుకుంటాడు. ఆ మాట చెబుతూ ఆమె నీళ్లలోకి ఒక అడుగు వేసింది. మనీష్ భుజం పట్టి వెనక్కు లాగాడు.

బడే సాబ్ గొంతు సవరించుకున్నాడు. జహీరా బీ నెత్తి మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. ఒట్టు తీసి గట్టున పెట్టి, ఛాతీ నిండా గాలి పీల్చి, వట్టి నోటితో కేక వేశాడు. "దొమేనికో సాబూఊఊ..."

కేక ఏరు దాటి అవతల గట్టుకు తగిలి తిరిగొచ్చింది. నల్లబండ మీద మనిషి కదల్లేదు.

తెరేసా ఆయన ముంజేయి పట్టుకుంది. ఇంగ్లీషు కూడా మరిచిపోయి తన భాషలోనే ఏదో చెప్పింది. తర్వాత తెలివి తెచ్చుకొని మనీష్‌కు చెప్పింది. వాళ్లమ్మ మూడో అంతస్తు కిటికీలోంచి భర్తను అన్నానికి పిలిచేదట. పేరంతా పలికేది కాదట.

"సగానికి కోసెయ్యల్లంట చాచా. బరువున్న ముక్క కాడికి వచ్చి ఆపెయ్యల్ల. దాని తర్వాత ఏమీ ల్యా. తోకా ల్యా, సాబూ ల్యా. దొమే. అంతే."

బడే సాబ్ ఆమెకేసి చూశాడు. ఎమ్మిగనూరు సందు, గడపలో నిలబడ్డ తల్లి, కోసిన పేరు. ప్రపంచంలో ఎక్కడో ఇంకో కిటికీలోంచి కూడా ఒకామె అన్నానికి అట్లాగే పిలిచేదన్నమాట. కానీ తనకంటే అంత పెద్దవాణ్ని, అదీ భార్య పిలిచే పిలుపుతో. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఏటివైపు చూశాడు. నీళ్లు ఎర్రగా వస్తున్నాయి, నల్లబండ కింది అంచు అప్పుడే కనబడడం లేదు. సిగ్గును మింగేశాడు.

"దొమే!"

తెల్లచొక్కా కదిలింది.

"దొమే!"

ముసలాయన తల తిప్పాడు. ఇటు చూశాడు. ఆ ముఖం ఒక్కసారి విప్పారింది, అంత దూరం నుంచి కూడా తెలిసింది. తెరేసా గట్టిగా ఏడ్చేసింది. ఇన్ని నెలల్లో తండ్రి ఏ పిలుపుకూ అట్లా తిరిగి చూడలేదట.

కానీ పిలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? వస్తారు. ముసలాయన లేచి నిలబడ్డాడు, పిలిచినవైపు నేరుగా నడక మొదలుపెట్టాడు, మడుగులోకి. పైన రాళ్ల కట్ట మీద యేసేపు, దుర్గప్ప ఇంకా సగం దూరం కూడా రాలేదు.

"ఆగమని సెప్పు! ఆగమని ఎట్ల సెప్పల్ల?" అని అరిచాడు బడే సాబ్.

"ఫెర్, మ, తి," అంది తెరేసా. పిడికిలితో ఆయన భుజం మీదే కొట్టి చూపించింది. మొదటి ముక్క మీద పిడికిలి పడింది, తక్కిన రెండింటికీ వేళ్లు విప్పేసింది.

"ఫెర్మతీఈఈ..."

పాత అలవాటు మళ్లీ వచ్చి తోక పట్టుకుంది. సాగిన పిలుపు రమ్మనే పిలుపే, అది ఏ దేశపు చెవికైనా అట్లాగే తగులుతుందేమో. ముసలాయన నవ్వుతూ బండ అంచుకు వచ్చి ఒక కాలు నీళ్లలో పెట్టాడు. తెరేసా కళ్లు మూసుకుంది.

బడే సాబ్‌కు ఆ క్షణాన వాళ్ల నాయన మగ్గం కళ్ల ముందుకొచ్చింది. పోగును బిగించే పలకను దబ్బున లాగి కొట్టేవాడు, కొట్టాక వదిలేసేవాడు. దెబ్బంతా మొదట్లోనే, తర్వాత పలక తనంత తనే వెనక్కు పోయేది. బలమంతా ముందు ముక్కలో పెట్టి, వెనక రెండింటినీ జారవిడిచాడు.

"ఫెర్! మతి."

ముసలాయన ఆగాడు.

"సి, యే, ది, తి," అంది తెరేసా. సియే కలిపి ఒక్క ముక్కే, బరువు దాని మీదే. కూర్చో అని దానికి అర్థం.

"సియే! దితి. దొమే! సియే! దితి."

ఎనభై ఏళ్ల మనిషి బుద్ధిమంతుడిలాగా బండ మీద కూర్చున్నాడు. కాళ్లు నీళ్లలోనే ఉన్నాయి, కానీ కూర్చున్నాడు. బడే సాబ్ ఊపిరి తీసుకున్నాడు. నోట్లో నెత్తురు రుచి తగిలింది. ఉమ్మి చూసుకోలేదు. ఆపితే ఆయన మళ్లీ లేస్తాడు. పేరు ఒకసారి, కూర్చో ఒకసారి, పిలుస్తూనే ఉన్నాడు. ప్రతి కేకకూ గొంతులో ఏదో చినుగుతున్నట్టు తెలుస్తోంది. చాటింపు విని రేవు నుంచి పైకొచ్చిన మాధవరం జనం ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడ్డారు.  నీళ్ల మోత పెరిగింది.

రాళ్ల కట్ట మీద నీళ్లు పొర్లుతున్నాయి. దుర్గప్ప కట్టెతో తడుముతూ, యేసేపు అతని పంచె పట్టుకొని, అంగుళం అంగుళం వస్తున్నారు. ఇంకొంచెం. బడే సాబ్ నోరు తెరిచి గాలి వదిలాడు. శబ్దం రాలేదు. మళ్లీ తెరిచాడు. రాలేదు. మెడ నరాలు పొంగి, ముఖం కందిపోయి, నోరు తెరుచుకుంది కానీ ఏటి మోత తప్ప ఏమీ లేదు.

పిలుపు ఆగేసరికి ముసలాయన అటూ ఇటూ చూశాడు. లేచాడు.

బడే సాబ్ వెనక్కు తిరిగి జనంకేసి చూశాడు. చేతులు రెండూ జోడించాడు. ఆ చూపుకు అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. బట్టల మూట నెత్తి మీద పెట్టుకొని నిలబడ్డ ఒకామె, ఇంతసేపూ విన్నది విన్నట్టుగా, కోసినచోట కోసి, గట్టిగా కేక పెట్టింది. "దొమే!" ఆమె వెనక ఇంకొకామె. ఆ తర్వాత గడ్డంతా. ముసలీ ముతకా, ఆడా మగా, ఎన్నడూ ఇటలీ పేరు విననివాళ్లు, "సియే! దితి. దొమే! సియే! దితి" అని ఒక్క గొంతుగా కొట్టారు. బరువు వేయాల్సినచోటే వేశారు, ఎవరూ తోక లాగలేదు. తెరేసా కూడా వాళ్లలో కలిసి అరిచింది. ముసలాయన జనాన్ని చూసి నవ్వి, మళ్లీ కూర్చున్నాడు. ఆ నవ్వు ముఖాన ఉండగానే దుర్గప్ప చెయ్యి ఆయన చంక కింద పడింది.

గడ్డ ఎక్కించేసరికి నల్లబండ మునిగిపోయింది. దుర్గప్ప కంబళిలో చుట్టి ముసలాయన్ను ఆటోలో కూర్చోబెట్టారు. తెరేసా ఆయన పాదాలు పట్టుకొని తుడుస్తూ ఏడుస్తోంది. ఆయన ఆమె తల నిమురుతున్నాడు, ఎవరో పాపం ఏడుస్తోందని. అది చూసి మనీష్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బడే సాబ్ ఆటో వెనక చక్రం దగ్గర కూలబడ్డాడు. యేసేపు నీళ్ల సీసా ఇచ్చాడు. గుక్క మింగబోతే మింగుడు పడలేదు. ఇంటికి పోయి జహీరా బీకి ఏం చెప్పాలి, చెప్పడానికి గొంతేది అనుకున్నాడు. డాక్టరు మాట ఆయనకు ముందే తెలుసు. పోయింది రాదు. ఆ సంగతి తెలిసే అరిచాడు, అయినా దిగులు దిగులే.

ముసలాయన కంబళిలోంచి చెయ్యి బయటికి తీసి, తన గుండె మీద కొట్టుకొని, "దొమే" అన్నాడు. తర్వాత ఆ వేలినే బడే సాబ్ వైపు చూపించాడు. నువ్వెవరు అని.

బడే సాబ్ నోరు తెరిచాడు, మూశాడు.

"బడే సాబ్," అన్నాడు మనీష్ ఆయన తరఫున.

ముసలాయన ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పుకున్నాడు. ఎక్కడ బరువుందో చూసుకున్నాడు. అక్కడికి కోసి, తక్కినది పారేశాడు.

"బడే!" అన్నాడు. బడే సాబ్ పలకలేదని ఇంకొంచెం గట్టిగా, సందు చివర ఆడుకునే పిల్లవాణ్ని అన్నానికి పిలిచినట్టు మళ్లీ పిలిచాడు. "బడే!"

అరవైకి దగ్గరపడ్డ మనిషి, చేతిలో సీసా అక్కడే పారేసి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లకు పేరుపెట్టి పిలిచారు. "వచ్చినా" అనబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. పోయి ముసలాయన పక్కన సీట్లో కూర్చున్నాడు.